తొమ్మిది సుద్దముక్కలు ఎక్కడికి పోయినవి?

ఒక చిన్న లెక్కతో ప్రారంభిద్దాము. తరగతి గదిలో సుద్దముక్కలు దాచుకొనడానికి ఒక పెట్టె కావలెను. సుద్దముక్క పొడవు 80 మిల్లీమీటర్లు, లావు 10 మిల్లీమీటర్లు అనుకొందాము. పెట్టె పొడవు 100, వెడల్పు 60, ఎత్తు 40 మిల్లీమీటర్లు. ముక్కలన్నింటినీ పొడవు వెంబడి పేర్చితే ఎన్ని పడతాయి? ఎనిమిదవ తరగతి చదివే పిల్ల ఎవరైనా నోటిలెక్కగానే చెబుతుంది: వరుసకు ఆరు, అటువంటి వరుసలు నాలుగు, మొత్తం ఇరవైనాలుగు. పెట్టె కాగితం మీద ఉన్నంతవరకు ఈ జవాబుకు తిరుగులేదు.

ఇప్పుడు దానిని మూడు మిల్లీమీటర్ల మందం గల ప్లైవుడ్‌తో చేసి చూడండి. రెండు ప్రక్కల గోడలు కలిసి వెడల్పులో ఆరు మిల్లీమీటర్లు ఆక్రమిస్తాయి. అడుగు పలక, మూత పలక కలిసి ఎత్తులో మరి ఆరు. లోపల మిగిలేది 94 పొడవు, 54 వెడల్పు, 34 ఎత్తు. వరుసకు ఐదే పడతాయి, వరుసలు మూడే పడతాయి. ఇరవైనాలుగు పట్టవలసిన చోట పదిహేను. తొమ్మిది సుద్దముక్కలు బల్లమీద మిగిలిపోయినవి. గుణకారం తప్పలేదు, కొలత తప్పలేదు. చెక్కకు మందమున్నదన్న సంగతి ఒక్కటే లెక్కలోనికి రాలేదు.

పెట్టె వెలుపలి ఘనపరిమాణం 240 ఘన సెంటీమీటర్లు; లోపలిది 173కు కొంచెం తక్కువ. అంటే నాలుగింట ఒక వంతుకు పైగా చోటు గోడలకే పోయినది. ఇంత పలుచని పలక ఇంత చోటు తినగలదని పుస్తకంలోని బొమ్మ చూచినవారికి తోచదు. చేతితో పెట్టె చేసినవారు మరి మరచిపోరు. బడిపిల్లలచేత పెట్టె గీయించి, లేజర్ యంత్రంపై కోయించి, కూర్పించడం ఇప్పుడు అనేక చోట్ల పాఠ్యాంశమయినది. ఆ పాఠంలో యంత్రానికి పూర్వం జరుగవలసిన పని ఎంత ఉన్నదో చెప్పడమే ఈ మాసపు మా ఉద్దేశము.

ఇనుము కొలిచే ఊరు

ఈ పాఠాన్ని ఎక్కడ చెప్పినా చెప్పవచ్చును. అయితే ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి వంటి ఊరిలో దానికి ప్రత్యేకమైన అర్థమున్నది. ఉక్కు కర్మాగారం నెలకొల్పడానికి 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో ఒడంబడిక కుదిరినది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించినారు. ఆ నిర్మాణపు పనులకు దేశం నలుమూలల నుండి జనం వచ్చినారు. ఉత్తరాంధ్ర జిల్లాల నుండి వచ్చి అక్కడనే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నవి. క్యాంప్ 1, క్యాంప్ 2 అన్న బస్తీల పేర్లలో ఆనాటి శిబిరాల జ్ఞాపకం ఈనాటికీ నిలిచియున్నది.

క్యాంప్ 2 లోని తెలుగు ఇంటి పిల్లకు ఒకే వస్తువుకు మూడు పేర్లు తెలుసు: ఇంట్లో పెట్టె, వీధిలో డిబ్బా, బడిలో బాక్సు. ఆ పిల్ల తాత మన్ను త్రవ్వియుండవచ్చు. తండ్రి ఫిట్టరో వెల్డరో అయియుండవచ్చు. కొడుకు, కూతురు చేతిపనికి దూరంగా చదువుకోవాలని ఆ తల్లిదండ్రులు కోరుకొనడం సహజమే. కాని ఆ కోరికలో ఒక నష్టం దాగియున్నది. షాఫ్టు బేరింగులో కూర్చోవాలంటే ఎంత బిగువు ఉండవలెనో, ఎంత వదులు ఉండవలెనో తండ్రికి తెలిసినది విద్య అని ఇంట్లో ఎవరూ అనుకోరు. కూతురు బడిలో నేర్చిన దశాంశ భిన్నాలు తన పనిలోనివేనని ఆ తండ్రికి ఎవరూ చెప్పరు. ఒకే ఇంటిలో రెండు విద్యలు పరిచయం లేని పొరుగువారివలె కాపురముంటున్నవి.

భిలాయి పట్టాలనే చూడండి. అక్కడి కర్మాగారం నుండి 260 మీటర్ల పొడవు గల రైలుపట్టాలు వెలువడుతున్నాయి. అటువంటి పట్టాను ఏ బంధమూ లేకుండ వదిలి, వేడి 30 సెంటీగ్రేడు డిగ్రీలు పెరిగితే, అది దాదాపు 9 సెంటీమీటర్లు సాగుతుంది. కాగితం మీది గీత ఎండకు సాగదు. ఇనుప పట్టా సాగుతుంది. గీతకూ వస్తువుకూ మధ్యనున్న ఈ తేడాను ముందుగా లెక్కకట్టడమే యంత్రశిల్పి విద్య. సుద్దముక్కల పెట్టెలోనూ ఉన్నది అదే విద్య. కొలత మాత్రం చిన్నది.

లోపలి నుండి వెలుపలికి

పెట్టె గీయమనగానే పిల్లలు వెలుపలి ఆకారం గీస్తారు. ఉపాధ్యాయుడు అడుగవలసిన మొదటి ప్రశ్న వేరు: లోపల ఏమి పెడతావు? సుద్దముక్కలా, అమ్మమ్మ కళ్లద్దాలా, వృత్తలేఖినియా? ఆ వస్తువును కొలిచిన పిమ్మట దాని చుట్టూ కొంత ఎడం వదలవలెను. ఆ తరువాత గోడ మందం కూడవలెను. అప్పుడు మాత్రమే వెలుపలి కొలత వస్తుంది. అన్నం ఎంతమందికి అని తెలిసిన తరువాతనే గిన్నె ఎంచుకొంటాము గదా.

మూడు మిల్లీమీటర్ల ప్లైవుడ్ అని దుకాణదారు చెప్పిన పలక నిజంగా మూడు ఉండకపోవచ్చు. ఒకటి 2.8, మరొకటి 3.2 ఉండవచ్చు. దీనిని స్కేలు పట్టుకోలేదు. బడి భౌతికశాస్త్ర ప్రయోగశాలలో వెర్నియర్ కాలిపర్స్ ఉంటుంది. ఫ్రెంచి గణితజ్ఞుడు పియర్ వెర్నియర్ 1631లో ప్రకటించిన ఉపాయమది. సాధారణంగా మన బడులలో దానితో ఒక గోళీనో స్తూపాన్నో ఏటా కొలిచి, వచ్చిన సంఖ్యను రికార్డు పుస్తకంలో వ్రాసి మూసివేస్తారు. ఆ సంఖ్య మీద ఏదీ ఆధారపడియుండదు. పలక మందాన్ని కొలిచినప్పుడు మాత్రం కొలత తప్పితే అతుకు కుదరదు. పరికరానికి ప్రయోజనం ఏర్పడినది కాబట్టి పిల్లలు రెండు మూడు చోట్ల మళ్లీ కొలిచి చూస్తారు, చూడమని చెప్పనక్కరలేదు.

ముందు అట్ట, తరువాత చెక్క

నమూనా అనగానే ఖరీదైన సామగ్రి కావాలని భయపడనక్కరలేదు. కిరాణా దుకాణంలో పారవేసే ముడతల అట్టపెట్టె చాలును. ఒంటి పొర ముడతల అట్ట మందం మూడు, నాలుగు మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది; మన ప్లైవుడ్‌కు దగ్గరి బంధువే. గ్రాఫు కాగితంపై ఆరు పలకలనూ నిజమైన కొలతలో గీచి, అట్టపై అంటించి, కత్తితో కోసి కూర్చవలెను. అందరికీ కలిపి ఖర్చు జిగురు సీసా, కాగితం మాత్రమే.

తప్పులన్నీ ఇక్కడనే బయటపడతాయి. పడనీయవలెను. నాలుగు గోడలకు పూర్తి కొలతలే ఇచ్చినవారికి 60 వెడల్పు పెట్టె 66 అయి కూర్చుంటుంది. అడుగు పలక చాలదు. పొట్టి గోడలు పొడుగు గోడల నడుమ నిలువవలెనంటే వాటి పొడవు 54 కావలెనని అప్పుడు తెలుస్తుంది. ఉపాధ్యాయుడు ముందుగానే ‘ఆరు తీసివేయండి’ అని చెప్పివేస్తే ఆ ఆరు సూత్రమవుతుంది. అట్టపెట్టె చెప్పితే అది అనుభవమవుతుంది. మందం మారినప్పుడు సూత్రం విఫలమవుతుంది. అనుభవం మళ్లీ లెక్క వేసుకొంటుంది.

తరువాతది అతుకు. మన వడ్రంగులు కుసి, బెజ్జము చెక్కి కొయ్యను కొయ్యలో బిగిస్తారు. లేజర్ పెట్టెకు వాడే అతుకు దానికి సులభమైన చుట్టము. రెండు చేతుల వేళ్లను ఒకదాని సందులో ఒకటి చొప్పించి చూడండి. అదే ఆ అతుకు. పలక అంచు వెంబడి ఒక వేలు, ఒక సందు, మళ్లీ ఒక వేలు. వేలి పొడవు పలక మందమంత. ఎదుటి పలకలో వేలున్న చోట సందు, సందున్న చోట వేలు. 100 మిల్లీమీటర్ల అంచును ఐదు భాగాలు చేస్తే ఒక్కొక్కటి 20. 60ని మూడు భాగాలు చేసినా 20. 40ని ఐదు చేస్తే 8. భాగాలు బేసి సంఖ్యలో ఉంటే అంచు రెండు కొనలూ ఒకే తీరుగా ఉంటాయి. సరి సంఖ్య అయితే ఒక కొన వేలు, ఒక కొన సందు అయి, పలకను త్రిప్పి పెట్టినప్పుడు చిక్కు వస్తుంది. సరి, బేసి అన్న మాటలకు ఇంతకంటె గట్టి ఉపయోగం ఆ తరగతి పుస్తకంలో దొరకడం కష్టమే.

అన్నిటికంటె రసవత్తరమైన తగవు మూలలలో వస్తుంది. అడుగు పలక, పొడుగు గోడ, పొట్టి గోడ, మూడూ ఒక మూలలో కలుస్తాయి. అక్కడ మూడు మిల్లీమీటర్ల పొడవు, వెడల్పు, ఎత్తు గల ఒక చిన్న ఘనమున్నది. అది ఎవరిది? పిల్లల మొదటి చిత్రాలలో ముగ్గురూ దానిని తమదే అంటారు. అప్పుడు పెట్టె మూసుకోదు. లేదా ముగ్గురూ వదిలివేస్తారు. అప్పుడు మూలలో చీమ దూరే రంధ్రం మిగులుతుంది. మూడు పలకలు గీసే ముగ్గురు పిల్లలు కూర్చుని మాట్లాడుకొని, ఒక్కరికి దానిని ఒప్పగించవలెను. అన్ని మూలలనూ అడుగు పలకకే ఇవ్వడం సులభమైన ఏర్పాటు. సరిహద్దు తగవు ఎట్లు తీర్చుకోవాలో కూడ ఈ పాఠంలో కొంత ఉన్నదన్నమాట.

ఇక మూత. ఆరు వైపులా వేళ్లు బిగించినవారు చివరకు నవ్వుకొంటారు: పెట్టె తెరుచుకోదు! మూతకు వేళ్లు లేకుండ ఉంచి, దాని అడుగున మరొక చిన్న పలక అంటించవలెను. లోపలి కొలత 94, 54 కాబట్టి ఈ పలక 93, 53 ఉంటే చుట్టూ అర మిల్లీమీటరు వదులుతో జారి కూర్చుంటుంది. ఆ పలక కూడ ఎత్తులో మూడు తింటుంది. 34లో 31 మిగులుతుంది. మూడు వరుసల సుద్దముక్కలకు 30 కావలెను. ఒక్క మిల్లీమీటరుతో గట్టెక్కినాము.

వెలుగు తినే చెక్క

అట్ట నమూనా కుదిరిన తరువాతనే యంత్రం ప్రస్తావన. మొదటి లేజర్‌ను 1960 మే 16న అమెరికాలో థియోడర్ మైమన్ వెలిగించినాడు. చెక్కను, అట్టను, ఆక్రిలిక్‌ను కోయడానికి నేడు విరివిగా వాడే కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను 1964లో బెల్ ప్రయోగశాలలో రూపొందించినవారు కుమార్ పటేల్. మహారాష్ట్రలోని బారామతిలో 1938లో జన్మించినవారు. దాని తరంగదైర్ఘ్యం 10.6 మైక్రోమీటర్లు, కంటికి కనిపించే ఎరుపు రంగు వెలుగు కంటె దాదాపు పదిహేను రెట్లు. ఆ కిరణం మనకు కనిపించదు. చెక్క మాత్రం దానిని ఇట్టే పీల్చుకొని, తగిలిన చోట ఆవిరై, మసియై పోతుంది. కటకం ఆ కిరణాన్ని సూదిమొన వంటి బిందువుకు కుదిస్తుంది. కంప్యూటరులోని గీత వెంబడి యంత్రం ఆ బిందువును నడిపిస్తుంది. తరువాత 1967లో ఇంగ్లండులో ఆక్సిజన్ ధారను తోడుచేసి ఉక్కు రేకును కూడ లేజర్‌తో కోసినారు. గ్యాస్ కటింగ్ చేసే కార్మికుల ఇళ్లలోని పిల్లలకు ఆక్సిజన్ ఇనుమును ఎట్లు కోస్తుందో విడమరచి చెప్పనక్కరలేదు.

రంపం కోసినప్పుడు పొట్టు రాలుతుంది. పొట్టు రాలినంత చెక్క తగ్గినదని వడ్రంగికి తెలుసు. గీత మీద కోయడు, గీత ప్రక్కన కోస్తాడు. లేజర్ కోతలో పొట్టు కనిపించదు కాబట్టి ఏమీ తగ్గలేదని భ్రమ కలుగుతుంది. వెలుగు కూడ చెక్కను తింటుంది. ఎంత తింటుందో పిల్లలే కనిపెట్టవచ్చు. 100 మిల్లీమీటర్ల పొడవు గల దీర్ఘచతురస్రాన్ని పది సమభాగాలుగా గీచి కోయించండి. పది ముక్కలనూ ప్రక్కప్రక్కన ఒత్తి పెట్టి కొలవండి. 98 వచ్చినదనుకొందాము, రెండు మిల్లీమీటర్లు పోయినవి. కోతలు పదకొండు, కాని భాగించవలసినది పదితో. ఎందువలన? నడిమి తొమ్మిది కోతలు పూర్తిగా మన ముక్కలనే తిన్నవి. రెండు కొనల కోతలు సగం మన ముక్కలను, సగం వెలుపలి చెక్కను తిన్నవి. తొమ్మిదీ రెండు సగాలూ కలిసి పది. కాబట్టి కోతకు 0.2 మిల్లీమీటరు.

ఇప్పుడు 20 అని గీచిన వేలు నిజంగా 19.8; 20 అని గీచిన సందు 20.2. రెంటి నడుమ 0.4 వదులు. జిగురు లేకపోతే పెట్టె గలగలలాడుతుంది. గీతను ప్రతి వైపు 0.1 వెలుపలికి జరిపి గీస్తే వేలు సందులో బిగువుగా కూర్చుంటుంది. కొలతలు ఇస్తే చాలు, పలకలన్నీ తానే గీచి ఇచ్చే కంప్యూటరు సాధనాలు నేడు ఉచితంగానే దొరుకుతాయి. వాటిని దాచనక్కరలేదు, కాని అట్టపెట్టె చేసిన పిమ్మటనే చూపవలెను. అప్పుడు ఆ సాధనం అడిగే ‘మందం’, ‘కోత వెడల్పు’ అన్న గడులలో ఏమి వ్రాయవలెనో, ఎందుకు వ్రాయవలెనో పిల్లలకు తెలిసియుంటుంది.

యంత్రం ఎక్కడ దొరుకుతుంది?

మహారాష్ట్రలోని పాబల్ గ్రామంలో డాక్టర్ కల్బాగ్ 1983లో స్థాపించిన విజ్ఞాన ఆశ్రమంలో, అమెరికాలోని ఎం.ఐ.టి. సహకారంతో 2002లో ఫ్యాబ్ ల్యాబ్ ఏర్పడినది. కంప్యూటరు చెప్పినట్లు కోసే, చెక్కే యంత్రాలను సామాన్యులకు, పిల్లలకు అందుబాటులో ఉంచే కర్మశాల అది. హైదరాబాదులో 2023 మార్చిలో టీ-వర్క్స్ ప్రారంభమైనది. 2016లో మొదలైన అటల్ ఇన్నొవేషన్ మిషన్ క్రింద దేశంలో పదివేల బడులకు టింకరింగ్ ల్యాబులు వచ్చినవి. వాటిలో త్రీ-డీ ప్రింటర్లు, చేతిపరికరాలు ఉంటాయి. ఇవేవీ దగ్గర లేనివారు నామఫలకాలు, జ్ఞాపికలు చేసే దుకాణాలను విచారించవచ్చు. పట్టణాలలో అటువంటి వారిలో చాలమంది వద్ద చిన్న లేజర్ యంత్రముంటున్నది. పిల్లల చిత్రాన్ని పెన్ డ్రైవులో తీసికొనిపోతే కోసి ఇస్తారు.

జాగ్రత్తలు కొన్ని తప్పనిసరి. యంత్రం మూత తెరచి నడుపరాదు. కనిపించని కిరణం కంటికి ప్రమాదం. నడుస్తున్న యంత్రాన్ని ఒంటరిగా వదలరాదు, చెక్క అంటుకొనవచ్చు. పొగ వెలుపలికి పోయే ఏర్పాటు ఉండవలెను. రెక్సిన్, వినైల్ వంటి పి.వి.సి. వస్తువులను ఎన్నడూ కోయరాదు; వాటినుండి వెలువడే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు ఊపిరితిత్తులకు, యంత్రానికి కూడ హాని చేస్తుంది. యంత్రం మీట పెద్దల చేతిలోనే ఉండవలెను.

బడికి ఎవరిని పిలవాలి?

2020 నాటి జాతీయ విద్యావిధానం ఆరు నుండి ఎనిమిది తరగతుల పిల్లలకు పుస్తకాల సంచి లేని పది రోజులను సూచించినది. ఆ రోజులలో వడ్రంగి, కుమ్మరి, తోటమాలి వంటి స్థానిక పనివారివద్ద పిల్లలు నేర్చుకోవాలని అందులో ఉన్నది. 1937లో వార్ధా మహాసభలో గాంధీజీ చెప్పిన చేతివృత్తి విద్యకు ఈ మాట దూరం కాదు. క్యాంప్ 2 వంటి బస్తీలో ఈ సూచనను అమలు జరపడానికి నిపుణులను వెదకి తేనక్కరలేదు. ఫిట్టరుగా పనిచేసే తండ్రిని, వడ్రంగి పనిచేసే మామయ్యను ఒక పూట బడికి పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, పిల్లల అట్టపెట్టెలు వారిచేతికి ఇవ్వండి. ఏ అతుకు నిలుస్తుందో, ఏది ఊడుతుందో వారు వ్రేలితో నొక్కి చెబుతారు. బిగువు, వదులు, ఎడం, కుసి అన్న మాటలు ఇంటి తెలుగులోనే చెబుతారు. తన తండ్రి మాటను ఉపాధ్యాయుడు నల్లబల్లపై వ్రాసి, దాని ప్రక్కన 0.1 అని వేసిన క్షణాన ఆ పిల్లకు రెండు విద్యలూ ఒకటేనని బోధపడుతుంది. ఆ ఒక్క పూటకోసం ఈ శ్రమ అంతా పడవచ్చును.

చివరగా, మీ తరగతికి ఒక అభ్యాసం. ఇరవైనాలుగు సుద్దముక్కలూ పట్టవలెనంటే పెట్టె వెలుపలి కొలతలు ఎంత ఉండవలెను? మూత అడుగు పలకను మరువకండి. మా లెక్కకు కనీసం 86 పొడవు, 66 వెడల్పు, 49 ఎత్తు వచ్చినది. అయితే ఈ కొలతలతో చేసిన పెట్టెలో ముక్కలు పడతాయి గాని, తీయడానికి వ్రేలు దూరదు. ఎంత ఎడం వదలవలెనో మేము చెప్పము. అది మీ బడిలోని సుద్దముక్కలను, మీ పిల్లల వ్రేళ్లను కొలిచినవారు చెప్పవలసిన సంఖ్య.